ఉప్పక్క ఏమీ తినలేదు

అట్టపెట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె ఉప్పక్క. క్యాంటీన్ వంటగదిలో పొద్దున్నే పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి మధ్యాహ్నం గిన్నెలు బోర్లించేదాకా ఆమె మాటే మాట. పెద్ద డేగిసాలో సూపు కుతకుతలాడుతుంటే గరిటె ముంచి, ఎడమ అరచేతిలో కాస్త ఒంపుకుని, ఉఫ్ఫుమని ఊది, నాలుకకు తగిలించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఇంకో పిడికెడు వెయ్యి" అనో, "చాలు, ఇక ముట్టుకోకు" అనో తీర్పు చెప్పేది. ఆ తీర్పుకు అప్పీలు లేదు. ఆమె సెలవు పెట్టి, రెండో వంటాయన గరిటె పట్టుకున్న రోజున మంచినీళ్ళ కుళాయిల దగ్గర జనం బారులు తీరేవారు. మంచి మనిషే పాపం, కష్టపడే మనిషే. కానీ దేవుడు ఆయనకు చెయ్యి పొడుగ్గా పెట్టి నాలుక పెట్టడం మరిచిపోయాడు.

ఉప్పక్కకు షుగరు ఉంది. చాలా ఏళ్ళుగా ఉంది. మొదట మాత్రలతో సరిపోయేది, తర్వాత ఇంజెక్షన్ వచ్చి చేరింది. డ్యూటీ దిగి మధ్యాహ్నం పూట షుగరు డాక్టరమ్మ దగ్గరికి వెళితే, అక్కడ వేలు పొడిచి చూసినప్పుడల్లా అంకె ఎక్కువే. ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగేది. ఏమీ తినలేదని ఈమె చెప్పేది. అబద్ధం కాదు. పొద్దున్నే ఒక ముక్క రొట్టె తిని బయల్దేరితే, మళ్ళీ అందరూ తిని వెళ్ళాక, గోడకు ఆనుకుని నిలబడి ఇంకో ముక్క. అంతే. వంట చేసేవాళ్ళకు వంట వాసనతోనే కడుపు నిండుతుందని ఆమె నమ్మకం. డాక్టరమ్మ నిట్టూర్చి ఇంజెక్షన్ కాస్త పెంచేది. మళ్ళీ వెళితే మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, ఇంకాస్త పెంపు.

ఇంకో చిత్రం కూడా ఉంది. వారానికో సెలవు రోజు వచ్చిందంటే చాలు, ఉప్పక్కకు ఒంట్లో సత్తువ ఉండేది కాదు. పది గంటలయ్యేసరికి చెమటలు, చేతుల్లో వణుకు, కళ్ళ ముందు మసక. దానికి ఆ ఇంట్లో ఒక పేరు కూడా ఉంది: సెలవు నీరసం. మందు కూడా ఉంది: గోరువెచ్చని పాలలో రెండు చెంచాల పంచదార, పక్కన నాలుగు బిస్కెట్లు. ఆమె భర్త కళ్ళు మూసుకుని కూడా అది కలిపి ఇవ్వగలడు. తాగిన కాసేపటికి ఆమె లేచి కూర్చుని, పని లేకపోతే నా ఒళ్ళు నాకే బరువు, గానుగెద్దును కట్టేస్తే జబ్బు చేస్తుంది అని నవ్వేది. ఇంట్లో షుగరు చూసే మిషను ఉంది. కానీ సెలవు రోజున మిషనుకు కూడా సెలవే. అలమరాలో, డబ్బాలో, గుడ్డలో హాయిగా నిద్రపోయేది.

ఇలా సాగిపోతుండగా ఒకరోజు ఆమెకు విరేచనంలో రక్తం కనిపించింది.

రక్తం చూసి ఆమె బెదిరిపోలేదు. బెదిరేలోపే అక్క గుర్తొచ్చింది. ఆమె సొంత అక్కకు ఇలాగే మొదలైంది. అక్క ఎవరికీ చెప్పలేదు. మొలలేలే, తగ్గిపోతాయిలే అనుకుంటూ, ఎవరు అడిగినా ఏమీ లేదని తోసిపుచ్చుతూ ఏడాది పైగా దాచింది. చెప్పేసరికి డాక్టర్లు తల అడ్డంగా ఊపారు. పెద్దపేగులో రాచపుండు, అప్పటికే ఒళ్ళంతా పాకింది. అక్క మంచం పక్కన కూర్చున్న ఆ రోజుల్లో ఉప్పక్క ఒకటే అనుకుంది, నాకు గనక ఇలాంటిది వస్తే ఆ పూటే చెప్పేస్తాను అని. చెప్పింది కూడా. ఆ సాయంత్రమే భర్తతో చెప్పింది, మర్నాడు డాక్టరుకు చెప్పింది. పేగు లోపలికి కెమెరా పెట్టి చూడాలి, ఏదైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది అన్నారు. రెండు నెలల తర్వాతకు తేదీ ఇచ్చారు.

ఇక మొదలైంది చూడండి తిరుగుడు. ఆ పరీక్షకు ముందు రోజంతా గట్టి పదార్థం ఏదీ తినకూడదు, తేటగా ఉన్న నీళ్ళలాంటివే తాగాలి. పేగు శుభ్రపడడానికి ఒక మందునీళ్ళు జగ్గులకు జగ్గులు మింగాలి. పరీక్ష దగ్గర పడ్డాక మంచినీళ్ళు కూడా మానేయాలి. మామూలు మనిషయితే ఒకరోజు కడుపు మాడ్చుకుంటాడు, అయిపోతుంది. షుగరు మనిషి గతి ఏమిటి? మందు వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది, మందు మానేస్తే ఎక్కి కూర్చుంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పరీక్ష చేసేచోట అడిగితే, షుగరు మందుల సంగతి మీ షుగరు డాక్టరును అడగండి అన్నారు. అక్కడికి వెళితే డాక్టరమ్మ సెలవులో ఉంది, చీటీలిచ్చే కిటికీలో కూర్చున్న మనిషి పరీక్ష చేసేవాళ్ళనే అడగమన్నాడు. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఉప్పక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆఖరికి డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చాక ఒక దారి చెప్పింది: మాత్ర పూర్తిగా మానేయాలి, ఇంజెక్షన్ సగమే వేసుకోవాలి.

పరీక్షకు ఇచ్చిన మొదటి తేదీ రానే వచ్చింది. మధ్యాహ్నం పరీక్ష. ముందు రోజు ఆమె మామూలుగానే పనికి వెళ్ళింది, రొట్టె ముట్టలేదు, తేట పళ్ళరసం తాగి గడిపింది. సాయంత్రం నుంచి మందునీళ్ళు తాగి ఇల్లంతా పరుగులు పెట్టింది. పొద్దున కాస్త కుదుటపడగానే మళ్ళీ క్యాంటీన్‌కు బయల్దేరితే భర్త వద్దన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆకలి గుర్తొస్తుంది, రెండో ఆయన చేతికి వదిలేస్తే ఫ్యాక్టరీ అంతా నా చావు కోరుకుంటుంది అని వెళ్ళిపోయింది. వంట దింపి, చేతులు కడుక్కుని, అటు నుంచి అటే ఆసుపత్రికి పోయింది.

మత్తు ఇచ్చే డాక్టరు నెమ్మదస్తుడు. ఏమైనా తిన్నారా అని అడిగాడు. ఏమీ తినలేదంది. చేతికి బీపీ పట్టీ కడుతూ, భయపడతారేమోనని కబుర్లలో పెట్టాడు. ఏం పని చేస్తారని అడిగాడు, మరి ఈ రోజు వంట ఎవరు చేశారన్నాడు. ఉప్పక్క హుషారుగా చెప్పుకుపోయింది, నేనే చేసి వచ్చాను, సూపులో ఉప్పు చాలకపోతే మళ్ళీ కలిపి మరీ వచ్చాను అని.

"చాలలేదని ఎలా తెలిసిందమ్మా?"

"రుచి చూస్తే తెలీదా డాక్టరు గారూ?"

డాక్టరు చెయ్యి పట్టీ మీదే ఆగిపోయింది. ఎప్పుడు చూశారు, ఎన్నిసార్లు చూశారు, చిక్కటి సూపా పలచటిదా అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన పట్టీ విప్పేశాడు. మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని మెల్లగా వివరించాడు. ముందు రోజూ ఇలాగే చూసి ఉంటే పేగు కూడా శుభ్రంగా ఉండదన్నాడు. రుచి చూడడం తినడం ఎలా అవుతుందని ఉప్పక్క వాదించింది. అరచేతిలో రెండు చుక్కలండీ, పిల్లికి కూడా చాలవు అంది. ఆయన వినలేదు. ఆయన తప్పేమీ లేదు, నిజమే. కానీ నిజం చెప్పినందుకు శిక్ష పడితే మనిషికి ఎలా ఉంటుంది? మళ్ళీ రెండు నెలలు. అన్నాళ్ళూ లోపల ఏముందో తెలియకుండా, అక్క మొహం కళ్ళ ముందు పెట్టుకుని సూపు కలుపుతూ ఉండాలి.

రెండోసారి ఆమె పంతం పట్టింది. ముందు రోజూ, పరీక్ష రోజూ సెలవు పెట్టేసింది. క్యాంటీన్ గడప తొక్కలేదు. చెప్పినట్టే మాత్ర మానేసింది, ఇంజెక్షన్ సగమే వేసుకుంది, అదీ సూదిలో గీత దగ్గర ఆగిందో లేదో భర్తకు రెండుసార్లు చూపించి మరీ. షుగరు డాక్టరమ్మ కాస్త తీపి ఉన్న తేట రసం మధ్యమధ్యన తాగమంది గానీ, తీపి అనేసరికి భయం వేసి ఈమె ఉత్త నీళ్ళతోనే నెట్టుకొచ్చింది. ఈసారి ఒక్క వంక దొరకనివ్వకూడదని ఆమె పట్టుదల.

పొద్దున బయల్దేరబోతూ చెప్పులు వేసుకోవడానికి వంగిన మనిషి అలాగే నేలమీద కూలబడింది. చెమటలు కారిపోతున్నాయి. మాట తడబడుతోంది. భర్త ఒక్క గెంతులో వంటింట్లోకి పోయాడు. ఆయన చేతులకు తెలిసింది ఒకటే కదా. గోరువెచ్చని పాలు, పంచదార, బిస్కెట్లు. తల పట్టుకుని తాగించాడు, నోట్లో ముక్కలు పెట్టాడు. కాసేపటికి ఆమె కళ్ళు నిలిచాయి. చూపు కుదిరాక ఆమెకు మొదట కనిపించింది గ్లాసు అడుగున తెల్లగా మిగిలిన పాలు.

అయినా ఆసుపత్రికి వెళ్ళారు. బస్సులో ఆమె ఒకే మాట అంది.

"ఎవరు పొయ్యమన్నారు పాలు?"

ఆయన తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. భార్య కళ్ళు తేలేస్తుంటే పాలు తేటవా కావా అని ఆలోచించే మొగుడు ఎవడైనా ఉంటాడా? పరీక్ష దగ్గర నర్సు విని తల ఊపింది. ప్రాణం కాపాడారు, మంచి పనే చేశారు, కానీ ఈ రోజు కుదరదు అంది. తేట రసం పట్టి ఉంటే చూసేవాళ్ళమేమో అని కూడా అంది. చేతులు కాలాక ఆకులు.

అంతకంటే ఎక్కువ మండింది షుగరు డాక్టరమ్మ దగ్గర. సగం ఇంజెక్షన్‌కు అంతలా పడిపోదు, కంగారులో మొత్తం వేసుకుని ఉంటారు అంది ఆమె. ఉప్పక్క లేచి నిలబడింది. మొదటిసారి నిజం చెప్పి చెడిపోయాను, రెండోసారి చెప్పినట్టు చేసి చెడిపోయాను, ఇక మూడోసారి ఏం చేసి చెడిపోవాలో కూడా మీరే చెప్పండి అని వచ్చేసింది. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, పక్కనే ఉన్నాడు గనక మొగుడి మీద పడింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నీ వంటింటి గోడకు చెప్పేది, ఆయన వినాలి.

ఆయన రిటైరయ్యేదాకా నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం చేశాడు. వీధిలో ఇప్పటికీ మీటరాయనే. మాట తక్కువ, నడక ఎక్కువ. తిట్లన్నీ గోడతో పాటు తనూ విని, ఒకరోజు పొద్దున టీ గ్లాసు ముందు పెట్టి నోరు విప్పాడు.

"ఇంట్లో అందరూ కుళాయి ముట్టుకోలేదంటారు. మీటరు మాత్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. వాళ్ళదీ అబద్ధం కాదు, మీటరుదీ అబద్ధం కాదు. ఎక్కడో లీకు ఉంటుంది. నీ దగ్గరా ఎక్కడో లీకుంది."

మీ లీకులూ మీరూ అని ఆమె గోడతో అంది. ఆయన పట్టించుకోలేదు. ఆ రోజు ఆమె వెనకాలే క్యాంటీన్‌కు వచ్చి, మేనేజరును బతిమాలుకుని, తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఒక ఖాళీ గిన్నె. రెండో వంటాయన ఆ గిన్నె చూసి, పాపం ఆకలేమో అనుకుని ఒక రొట్టె ముక్క ఇవ్వబోతే వద్దన్నాడు.

ఉప్పక్క సూపు అరచేతిలో ఒంపుకుని నాకింది. మీటరాయన లేచి వచ్చి, అంతే సూపు గరిటెతో తీసి తన గిన్నెలో పోసుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఉడుకుతున్న కూరగాయల్లోంచి ఒక దుంప ముక్క తీసి ఆమె నలిపి చూసి నోట్లో వేసుకుంది. ఆయన వచ్చి ఒక ముక్క తీసుకున్నాడు. పక్క పొయ్యి మీద తీపి జావ. తీపి చాలిందో లేదో అని ఒకసారి, పంచదార వేశాక ఒకసారి, కలిశాక ఒకసారి. ఆయన లేచాడు, కూర్చున్నాడు, లేచాడు. ఇదేం పిచ్చి, అడ్డం తప్పుకోండి అని ఆమె విసుక్కుంది. మళ్ళీ ఉప్పు. మళ్ళీ సూపు. కొత్త డేగిసా దింపారు, మళ్ళీ మొదటి నుంచి. రెండో ఆయన వచ్చి, అక్కా ఇది చూడు అని గరిటె చాపితే అదీ చూసింది. ఆ చూడడం మాత్రం ఆమెకు తెలియను కూడా తెలియలేదు. మాట మధ్యలో చెయ్యి దానంతట అదే పైకి లేచి నోటి దగ్గరికి వెళ్ళి వచ్చింది.

మధ్యాహ్నం అందరూ తిని వెళ్ళాక, ఆమె గోడకు ఆనుకుని రొట్టె ముక్క చేతిలోకి తీసుకుంది. ఆయన గిన్నె తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. గిన్నె నిండిపోయి, దాని పక్కన ఇంకో గిన్నె కూడా సగం నిండి ఉంది. సూపు, దుంపలు, జావ అన్నీ కలిసి గడ్డకట్టి ఉన్నాయి. ఫ్యాక్టరీలో బరువులు మోసే మనిషి ఒక పూట తినేటంత తిండి.

"పొద్దుటి నుంచి ఏం తిన్నావు?" అన్నాడు మీటరాయన.

"ఏమీ తిన..." అని ఆగిపోయింది ఉప్పక్క.

గిన్నె అంచు పట్టుకుని వంచి చూసింది. ఇదంతా నా లోపలికి పోయిందా అని అడిగింది. రోజూ పోతోందన్నాడు ఆయన. సెలవు రోజున పోవడం లేదు, మందు మాత్రం అంతే పడుతోంది, అందుకే ఆ సెలవు నీరసం అన్నాడు. నీరసం కాదు, షుగరు పడిపోవడం. ఇంజెక్షన్ పెంచుకుంటూ పోయింది ఈ గిన్నెకు సరిపోయేలా. ఈ గిన్నె లేని రోజున సగం వేసుకున్నా అది ఎక్కువే. పరీక్ష రోజున జరిగింది అదే.

ఇది విని ఆమె తేలికపడి ఉంటుందని మీరనుకోవచ్చు. ఏం తేలిక! గోరుచుట్టు మీద రోకటిపోటు. నాలుగు నెలలుగా డాక్టర్ల మీద, మొగుడి మీద, తలరాత మీద ఆమె పోసిన నిప్పులన్నీ తిరిగి తన నెత్తినే పడ్డాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆ గిన్నె తీసుకెళ్ళి కుళాయి కింద బోర్లించబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. మూత పెట్టి, సంచీలో పెట్టుకుని, ఆ సాయంత్రమే షుగరు డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ మూత తీసి మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. నేనూ ఎప్పుడూ ఏం తిన్నారనే అడిగాను, రుచి చూశారా అని అడగాలని తోచలేదు, మొత్తం వేసుకుని ఉంటారన్నందుకు ఏమీ అనుకోకండి అంది. ఇక నుంచి రుచి చూడడం మానేయాలి, రోజూ మిషను మీద చూసుకోవాలి, అలమరాలో దాచకూడదు, ఆ అంకెలు చూసి తనే మందు తగ్గిస్తుంది, సొంతంగా మాత్రం తగ్గించుకోవద్దు అంది. పరీక్ష ఈసారి పొద్దున్నే మొదటిది అడిగి పెట్టించుకోమంది. షుగరు పడితే పాలు కాదు, తేట రసం. ఉత్త నీళ్ళతో ఉపవాసం చేసి వీరత్వం చూపించవద్దు అని కూడా అంది.

వినడానికి బాగానే ఉంది. రుచి చూడకుండా వంట చేయమనడమంటే కుట్టుపని చేసే మనిషిని కళ్ళకు గంతలు కట్టుకుని కుట్టమనడమే. చెయ్యి ఊరికే ఉండదని తెలిసి ఉప్పక్క నోటికి గుడ్డ కట్టుకుని వండడం మొదలుపెట్టింది. అయినా చెయ్యి లేచేది, గుడ్డకు సూపు అంటేది. సాయంత్రానికి గుడ్డ చూస్తే ఆమె పాపాలన్నీ దాని మీదే. ఇక నాలుక రెండో ఆయనది. ఎలా ఉందయ్యా అని అడిగితే బాగుందనేవాడు. బాగుందంటే ఏమిటి, ఉప్పు చాలిందా లేదా, నాలుక ముందు తగులుతోందా వెనక తగులుతోందా అని ఈమె నిలదీస్తే, పాపం బిక్కమొహం వేసి మళ్ళీ బాగుందనేవాడు. ఫ్యాక్టరీ జనం మొహాలు ముడుచుకున్నారు. ఉప్పక్కా, పేరు మార్చుకుంటావా ఏంటి అని ఒకడు అననే అన్నాడు. ఆమె గుడ్డ చాటున పళ్ళు నూరింది. కానీ వారాలు గడిచేకొద్దీ మిషను మీద అంకెలు దిగాయి, డాక్టరమ్మ మందు తగ్గిస్తూ వచ్చింది, సెలవు రోజున చెమటలు పట్టడం ఆగిపోయింది.

పరీక్షకు మూడోసారి ఇచ్చిన తేదీ నాటికి మీటరాయన సర్వం సిద్ధం చేశాడు. యాపిల్ రసం కొనుక్కొచ్చి గ్లాసులో పోసి, వెనక పేపరు పట్టుకుని, అక్షరాలు చదవగలిగితేనే తేట కింద లెక్క అన్నాడు. ముందు రోజంతా గంట గంటకూ ఆమె వేలు పొడిచాడు. వేళ్ళన్నీ జల్లెడైపోయాయని ఆమె తిట్టింది. తిట్టినా మాట్లాడుతోంది కదా, ఆయనకు అదే చాలు. తెల్లవారుజామున షుగరు కాస్త పడబోతే రసం తాగించాడు, లేచింది. తాగడం మానేయాల్సిన వేళకు మానేసి, ఆసుపత్రికి చేరారు. మొదటి వంతు ఆమెదే. బట్టలు మార్చి మంచం మీద పడుకోబెట్టారు కూడా.

సరిగ్గా అప్పుడే ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది. డాక్టర్లందరూ అటు పరుగెత్తారు. కాసేపు ఆగాలి అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. కాసేపు కాస్తా చాలాసేపైంది. ఉప్పక్కకు నుదుటి మీద చెమట తెలుస్తోంది. వేళ్ళ చివర్ల వణుకు మొదలైంది. ఇప్పుడు రసం కూడా తాగకూడదు. ఆమె చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కుని, పిడికిళ్ళు బిగించి, పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

మీటరాయన దుప్పటి కదలడం చూశాడు.

"పిలవనా?"

"వద్దు. పిలిస్తే మళ్ళీ పంపించేస్తారు. నాకేమీ లేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే మళ్ళీ వినిపించింది. నాకేమీ లేదు. అక్క ఏడాది పొడుగునా ఇదే మాట, ఇదే గొంతుతో చెప్పింది. ఇలాగే చేతులు దుప్పటి కింద దాచుకుని చెప్పింది. ఉప్పక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంపించేస్తే పంపించేయనీ, ఇంకో రెండు నెలలు, ఇంకో చావు. చేతులు బయటికి తీసి, వణుకుతున్న చెయ్యి పైకెత్తి, ఆ హాలంతా వినబడేలా కేక పెట్టింది.

"అమ్మా నర్సమ్మా, నాకు షుగరు పడిపోతోంది!"

నర్సు వచ్చింది. వేలు పొడిచి చూసింది. ఒక గ్లూకోజు సీసా తెచ్చి కొక్కేనికి తగిలించి, చేతికి ఉన్న సూదికి గొట్టం కలిపింది. చుక్కలు దిగడం మొదలయ్యాయి. ఇక నన్ను పంపించేస్తారా అని అడిగింది ఉప్పక్క. దీనికి పంపించేయడం ఎందుకమ్మా, చెప్పారు కదా, చాలు అని నర్సు చెమట తుడిచి వెళ్ళిపోయింది. అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఉప్పక్క ఆ సీసా వైపు అలా చూస్తూనే ఉండిపోయింది. చుక్క చుక్కకూ వణుకు తగ్గుతోంది, చుక్క చుక్కకూ కోపం పెరుగుతోంది. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళు?

పరీక్ష అయింది. మత్తు దిగాక డాక్టరు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేగులో ఒక చిన్న గడ్డ ఉంది, బఠాణీ గింజంత, అక్కడికక్కడే తీసేశాం, పరీక్షకు పంపుతున్నాం, చూపుకు చెడ్డదిలా లేదు అన్నాడు. వదిలేస్తే మాత్రం కొన్నేళ్ళకు చెడ్డదయ్యే జాతి అన్నాడు. మీటరాయన చేతులు జోడించాడు. ఉప్పక్క మాత్రం ఆ బఠాణీ గింజ దగ్గరే ఆగిపోయింది.

"మా అక్కకు కూడా మొదట్లో ఇంతే ఉండేదా డాక్టరు గారూ?"

డాక్టరు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఉండే ఉంటుందమ్మా. అప్పుడు చూసి ఉంటే తీసేసేవాళ్ళు."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే మీటరాయన పక్కనే నిలబడి దుప్పటి సర్దాడు.

కాసేపటికి ఆసుపత్రి క్యాంటీన్ నుంచి ఒక గిన్నెలో సూపు, రొట్టె వచ్చాయి. ఉప్పక్క లేచి కూర్చుని, ముక్కు తుడుచుకుని, అలవాటు ప్రకారం చెంచాతో అరచేతిలో ఒంపుకుని నాలుకకు తగిలించింది. కళ్ళు మూసుకుంది. ఉప్పు లేదు అంది. చెంచా పక్కన పెట్టేస్తుందనుకున్నాడు ఆయన. ఆమె పెట్టలేదు. గిన్నె ఒళ్ళోకి తీసుకుని, గోడకు ఆనుకుని నిలబడకుండా, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ చప్పిడి సూపు చెంచా తర్వాత చెంచా అడుగు కనిపించేదాకా తాగింది. రొట్టె కూడా తినేసింది. ఖాళీ గిన్నె ఆయన చేతికి ఇచ్చింది.

"ఇది తినడమే. మీ మీటర్లో వేసుకోండి."